ఎడమ చెవిలో మాట

"దువ్వెన తే దుర్గా, జడేస్తాను."

తలుపు తీసి అచ్చియ్యమ్మ అన్న మొదటి మాట అది. నిన్న మధ్యాహ్నం కంచం ముందు నుంచి లేచి గదిలోకి పోయి గడియ పెట్టుకున్న మనిషి, కొడుకు తలుపు బాదినా ఉలకని పలకని మనిషి, ఇవాళ ఎండ వాలుతున్న వేళకి తనంతట తానే బయటికొచ్చి, ఏమీ జరగనట్టు అరుగు మీద కూర్చుంది.

దుర్గాదేవి ఉన్నచోటే ఆగిపోయింది. తల్లి తనకి జడ వేసి ఇరవై ఏళ్ళు దాటింది. వెయ్యలేదనడం అన్యాయం, దుర్గే వెయ్యనివ్వలేదు. తల్లి చెయ్యి తల మీదికి వస్తోందంటే చాలు, ఎడమ చెవి మూసుకుని పక్కకి తప్పుకునేది.

అయినా ఇవాళ కాళ్ళు వాటంతటవే కదిలాయి. లోపలికెళ్ళి అద్దం దగ్గరి దువ్వెన తీసుకుంది, కొబ్బరినూనె సీసా కూడా తీసుకుంది. ముప్పై అయిదేళ్ళొచ్చినా ఆశ చావదు కదా!

తిరిగొచ్చేసరికి తల్లి మోకాళ్ళ ముందు శర్వాణి కూర్చుని ఉంది.

శర్వాణి హైదరాబాదు నుంచి వచ్చిన నటి. ఒకప్పుడు ఆంధ్రదేశాన్ని ఏడిపించిన బాలనటి 'బేబీ దుర్గ' కథని ఇప్పుడు సినిమా తీస్తున్నారు. అందులో పెద్దయిన దుర్గ వేషం ఆమెది. మనిషిని దగ్గరుండి చూసి నేర్చుకుంటానని చోడవరంలో ఈ ఇంట్లోనే దిగింది. దుర్గ పాత చీరెలు అడిగి తీసుకుంది. ఇప్పుడు ఒంటి మీదున్నది కూడా దుర్గ చీరే.

"ఇలా ఇయ్యి," అని అచ్చియ్యమ్మ చెయ్యి చాపింది. కూతురి మొహం చూడకుండానే దువ్వెన అందుకుని శర్వాణి జుట్టు విప్పింది. నూనె సీసా దుర్గ చేతిలోనే ఉండిపోయింది.

దిలీప్ లోపలి నుంచి వచ్చి ఆ దృశ్యం చూశాడు. దుర్గకి తమ్ముడు, ఈ ఇంటికి ఇప్పుడు పెద్ద. కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఎవలికి జడేస్తన్నావమ్మా?"

"కళ్ళు కనపడ్డం లేదేటిరా? దుర్గాకి."

"దుర్గప్ప అదిగో, గుమ్మంలో నిలబడుంది. ఆవిడ సినిమా ఆవిడ."

"నాకు తెల్దేటి?" అంది అచ్చియ్యమ్మ చిక్కు తీస్తూ. "ఆ గుంటని దుర్గా అనే పిలమని డైరెక్టరు బాబు సెప్పలేదేటి? అలవాటవ్వాలన్నాడు. అలవాటు సేస్తన్నాను."

తెలిసి అంటోందో, తెలియక అంటోందో ఆ మొహం చూసి చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. దిలీప్ ఇక తల్లిని వదిలి అక్క మీద పడ్డాడు.

"ఇదంతా నువ్వు తెచ్చిన పీడే అప్పా. ఒద్దంటే ఒద్దన్నాను నాను. మానిన పుండు ఎవలైనా గోకుతారేటి? మన కత తీసుకోండని నువ్వే తల ఊపేవు. నిన్న అన్నం కాడ ఆవిడ ఆ మాట అడిగీసరికి అమ్మ మొకం సూసేవా? అప్పట్నుంచి మెతుకు ముట్టలేదు. ఈ ఇంట్లో మరో శవం లేస్తే…"

"ఒరే!" అచ్చియ్యమ్మ దువ్వెన ఆపింది. "సంజ వేళ ఏటీ కూతలు? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నోరు కడుక్కో."

దిలీప్ నోరు మూసుకున్నాడు. ఆ ఇంట్లో అది చిన్నప్పటి నుంచీ ఉన్న కట్టుబాటు. దీపాలు పెట్టే వేళ చెడ్డమాట పలక్కూడదు. ఉప్పు అయిపోతే లేదనకూడదు, నిండుకుంది అనాలి. ఎవరైనా బయటికి వెళుతుంటే పోతున్నావా అనకూడదు, వెళ్ళిరా అనాలి. తథాస్తు దేవతల చెవిన పడిందా, అన్నదే జరిగిపోతుంది.

ఆ మాట వినగానే దుర్గకి నవ్వొచ్చింది, ఒళ్ళు కూడా జలదరించింది. ఉప్పు లేదని పలకడానికే భయపడే ఆ నోరే, తన చెవిలో ఏం పలికిందో ఈ తమ్ముడికి తెలియదు.

*

నిన్న అన్నాల దగ్గర శర్వాణి అడిగింది ఒక్కటే ప్రశ్న.

"అమ్మా, ఏడుపు షాటుకి ముందు మీరు పాప చెవిలో ఏదో చెప్పేవారట కదా. చెప్పగానే కన్నీళ్ళు ధారగా వచ్చేవట. గ్లిజరిన్ వాడని పాప అని పేరట. ఏం చెప్పేవారు?"

ఆ రహస్యం ఏమిటని ఆ రోజుల్లో పెద్ద పెద్ద దర్శకులే అడిగేవారు. అచ్చియ్యమ్మ నవ్వి ఊరుకునేది. షాటు సిద్ధం కాగానే వచ్చి, పాప జడ సవరించి, ఎడమ చెవి దగ్గర వంగేది. పాపకి ఎడమ కన్ను ముందు చెమ్మగిల్లేది. కెమెరా ఎడమ వైపు పెట్టాలని అందరికీ ముందే తెలిసేది.

ఆ మాట ఏమిటో తల్లికీ కూతురికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

"మీ నాన్న సచ్చిపోయేడే." అంతే.

నాన్న సత్యారావు అప్పుడు నిక్షేపంలా ఉన్నాడు. బుచ్చయ్యపేట దారిలో సొంత బెల్లం గానుగ, నాలుగు చెరకు మడులు. షూటింగుల్లో ఉన్న కూతురికి పండగలకి బెల్లం అచ్చులు కట్టించి పంపేవాడు. మొదటిసారి ఆ మాట విని దుర్గ గుండె పగిలి ఏడ్చింది. రెండోసారి అబద్ధమని తెలిసే ఏడ్చింది. తరవాత్తరవాత తెలియడానికీ తెలియకపోవడానికీ తేడా లేకుండా పోయింది. అమ్మ ఊపిరి చెవికి తగలగానే కన్ను దానంతటదే కారేది.

ఆఖరి సినిమా ఆఖరి రోజున మాత్రం అమ్మ ఊపిరి వేరుగా తగిలింది. వేడిగా, వణుకుతూ. ఎందుకో భయం వేసి, దుర్గ ఒక మాట అడిగింది. దానికి అమ్మ, "ముందు ఏడు. తరవాత సెప్తాను," అంది. దుర్గ ఏడ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్న చోడవరంలో దిగేసరికి ఇదే అరుగు మీద నాన్న పడుకుని ఉన్నాడు.

శవం పక్కన ఇంటివాళ్ళని కూర్చోబెట్టి ఆఖరి ఫొటో తీయించడం ఊళ్ళో ఆనవాయితీ. స్టూడియో అతను వచ్చాడు. కెమెరా ఎత్తగానే అలవాటున్న పిల్ల దాని వైపు చూసి నవ్వింది. అప్పటి నుంచీ దుర్గ ఊరికి 'కన్నబాబు శవం కాడ నవ్విన గుంట'. ఆ తరవాత ఆమెకి కన్నీరు రాలేదు. సినిమాలు పోయాయి, చదువు అబ్బలేదు, పెళ్ళి నిలవలేదు. ఒకసారి నిద్రమాత్రలు మింగి విశాఖపట్నం ఆసుపత్రి దాకా వెళ్ళొచ్చింది. ఆ మంచం మీద కూడా ఏడవలేదు.

కానీ ఊరు అనుకునేది ఒకటి, దుర్గ మోస్తున్నది ఒకటి. అన్నిసార్లు చెడు పలికాం, అన్నిసార్లు నిజంలా ఏడ్చాను, పైనున్నవాళ్ళు తథాస్తు అనేశారు, నాన్నని చంపింది నా ఏడుపే. పదేళ్ళ పిల్ల బుర్రలో పడిన ఆ ముల్లు ముప్పై అయిదేళ్ళకీ అక్కడే ఉంది.

అది తియ్యగలది ఒక్క జవాబే. ఆ రోజు ఆ మాట చెప్పేటప్పుడు అమ్మకి సంగతి తెలుసా? తెలియక ఎప్పటిలాగే అంటే, నాన్న చావుకి కారణం దుర్గ ఏడుపే. తెలిసే అంటే, ఆ పాపం అమ్మది. ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉండి దుర్గ అది అడగలేకపోయింది. తాను అడగలేనిది తనలా వేషం వేసుకున్న ఇంకొకత్తి అడుగుతుందేమోనన్న ఆశతోనే సినిమాకి తల ఊపింది. దిలీప్‌కి ఇదెలా చెప్పడం?

*

"నాను మేనేజరుకి ఫోను సేస్తాను. రేపు షూటింగు మా ఇంట్లో ఒద్దని సెప్పీస్తాను," అని దిలీప్ సెల్లు పట్టుకుని సిగ్నలు కోసం రోడ్డు మీదికి నడిచాడు.

అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు మిగిలారు. వీధిలో చెరకు లోడు ట్రాక్టరు వెళ్ళింది. దాని మోత తగ్గాక, జుట్టులో దువ్వెన దిగే చప్పుడు కూడా వినిపించింది.

శర్వాణి కూర్చున్న తీరు అప్పుడు దుర్గ కంట పడింది. తల కుడి పక్కకి ఒరిగి, ఎడమ భుజం చెవి దాకా లేచి, ఆ చెవిని కాపాడుకుంటున్నట్టుంది. దుర్గ ఎప్పుడూ అలాగే కూర్చుంటుంది. అది ఎవరూ నేర్పలేదు. సినిమాల గురించి చెప్పింది, మాత్రల గురించి చెప్పింది, నవ్విన ఫొటో కూడా తీసి చూపించింది కానీ, చెవి సంగతి మాత్రం దుర్గ ఎత్తనే లేదు.

మాట కూడా అంతే. వచ్చిన కొత్తలో "ఏమిటి ఆంటీ" అనే పిల్ల, ఇప్పుడు "ఏటి అమ్మా" అంటోంది. మొన్న పూలమ్మే సన్యాసమ్మ వెనక నుంచి చూసి శర్వాణికి "దుర్గమ్మా" అంటూ మూర దండ చుట్టిచ్చింది. పక్కనే ఉన్న అసలు దుర్గని పైకీ కిందికీ చూసి, "తవరు సినిమా వోళ్ళేటమ్మా?" అని అడిగింది. అప్పుడు ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

"అమ్మా," అంది శర్వాణి. "రేపటి సీనులో దుర్గ పెద్దదైపోతాది. ఏడుపు రాదు. అమ్మ కాడికొచ్చి, ఆ మాట ఇంకోసారి సెప్పమంటాది. నాకు ఆ మాట తెల్దు. తెలీకుండా ఎలా ఏడవను?"

అచ్చియ్యమ్మ పాయలు అల్లుతోంది.

"నాకు పేరు కోసం కాదమ్మా. ఈ చీరె కట్టుకున్న కాణ్ణించి గొంతులో ఏదో అడ్డం పడిపోయింది. మింగడానికీ లేదు, కక్కడానికీ లేదు."

గుమ్మంలో దుర్గ గొంతు పట్టుకుంది. అడ్డం పడినది అక్కడే ఉంది, తన గొంతులోనే.

"ఒద్దమ్మా," అంది దుర్గ. "సెప్పకు."

ఎందుకన్నదో తనకే తెలియదు. ఇంతకాలం కోరుకున్నదే తీరా దగ్గరికొస్తే, అది కుక్కలా వెంటబడుతున్నట్టు భయం వేసింది. అచ్చియ్యమ్మ విన్నట్టే లేదు. జడ కొస ముడి వేసింది. అరచేత్తో నడినెత్తి నిమిరింది. ఆ తరవాత, ఎన్నో సెట్ల మీద ఎన్నోసార్లు వంగినట్టే, మెల్లగా ముందుకి వంగింది.

శర్వాణి భుజం దించింది. చెవి అప్పగించింది.

దుర్గ గుమ్మంలో ఉంది, వాళ్ళు అరుగు ఆ చివర. అయినా ఎడమ చెవిలో వెచ్చటి ఊపిరి తగిలింది. వక్కపొడి వాసనొచ్చింది. చెవి మూసుకుంది. వేళ్ళ కింద కూడా ఆ వెచ్చదనం పోలేదు.

శర్వాణి ఎడమ కంట్లోంచి ఒక బొట్టు జారింది. కుడి కన్ను ఇంకా పొడిగానే ఉంది. తరవాత అదీ నిండింది. ఆమె తల తిప్పి అచ్చియ్యమ్మ మొహంలోకి చూసి, పదేళ్ళ పిల్ల గొంతుతో అడిగింది.

"అమ్మా, ఈసారి నిజంగానేనా?"

దుర్గ ద్వారబంధం పట్టుకుంది.

అదే మాట. ఆ రోజు లైట్ల కింద తాను అడిగిన మాట. ఆసుపత్రి మంచం మీద కలవరింతల్లో కూడా ఎవరికీ చెప్పని మాట.

అచ్చియ్యమ్మ మొహంలో రక్తం లేదు. వీధి దీపం వెలిగింది.

"నిజమేనమ్మా," అంది చివరికి. "పొద్దున్నే సినిమా ఆఫీసుకి ఫోనొచ్చింది. గానుగ కాడ పడిపోయేడంట, మరి లెగలేదంట. సాయంత్రానికి సెట్టు పీకేస్తారన్నారు. ఒక్క షాటు మిగిలింది. ఆ ఒక్కటీ అయిపోతే రైలెక్కీదుమనుకున్నాను. నీకు ఎలా సెప్పాలో తెలీలేదే తల్లీ. అబద్దం సెప్పినట్టే నిజం కూడా సెప్పీసేను."

తెలుసు. అమ్మకి తెలుసు.

దుర్గ గడప మీద కూలబడింది. అంటే దేవతలు కాదు. తథాస్తు కాదు. ఆ ఏడుపు కంటే ముందే నాన్న పోయాడు. నేను కాదు, నేను కాదు అని లోపల ఎవరో చిన్నపిల్ల గంతులేస్తోంది. ఇంకోపక్క, తల్లి మీద పట్టరాని కోపం పొంగుకొస్తోంది. తెలిసి కూడా! తెలిసి కూడా చెవిలో ఊది కెమెరా ముందుకి తోసింది!

"నన్ను సెమించగలవేటే దుర్గా?" అచ్చియ్యమ్మ శర్వాణి చేతులు పట్టుకుంది. "నాను సచ్చే… నాను ఎల్లిపోయేలోగా ఒక్కసారి సరే అను. ఇన్నేళ్ళూ నీ చెవి కాడికి నన్ను రానివ్వలేదు. రానిస్తే ఈ మాటే సెప్పీదాన్ని."

దుర్గ నోరు తెరిచింది. ఏమనబోయిందో! సరే అనేదో, చస్తే అననేదో, తిట్టేదో. ఇరవై ఏళ్ళకి పైగా దాచుకున్న జవాబు అది, ఒక్కసారే ఖర్చు పెట్టగలిగేది.

"సరేనమ్మా," అని వినిపించింది. "పోన్లే, సరే."

దుర్గ గొంతే. అచ్చంగా దుర్గ గొంతు.

"కట్!" అని అరిచింది దుర్గ. సెట్టు మీద ఆ మాట పడితే ఎంతటివాళ్ళయినా ఆగాలి. ఇక్కడ ఎవరూ తల తిప్పలేదు. అచ్చియ్యమ్మ రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుని లేచింది. మోకాళ్ళ నొప్పులని గోడ పట్టుకుని లేచే మనిషి, పాతికేళ్ళ పడుచులా లేచి, దీపం పెట్టడానికి లోపలికెళ్ళింది.

*

దుర్గ వెళ్ళి శర్వాణి భుజం పట్టి కుదిపింది.

"ఈసారి నిజంగానేనా అని అడగమని నీకెవలు సెప్పేరు?"

"ఎవరూ చెప్పలేదక్కా. నోట్లోకి వచ్చేసింది." శర్వాణి గొంతు మళ్ళీ హైదరాబాదు గొంతయింది.

"అమ్మ నీ చెవిలో ఏటంది?"

"ఏమీ అనలేదు. ఊపిరి తగిలింది, అంతే. ఏడుపొచ్చేసింది."

"మరి సరే అని నువ్వెలా అంటావు? ఆ మాట నాది! నా బదులు నువ్వు ఏడు, నా బదులు అడుగు, నా చీరె కట్టుకో. సరే అనడానికి నువ్వెవతివే?"

శర్వాణి తడి కళ్ళతో వింతగా చూసింది.

"నేను అనలేదక్కా. అన్నది మీరు కదా? నా వెనక నుంచి, గుమ్మంలోంచి వినపడింది. అమ్మ కూడా మీవైపే చూసి దణ్ణం పెట్టింది."

దుర్గకి చెవుల్లో హోరు మొదలైంది. తాను అనలేదు. నోరు తెరిచింది, అంతే. తెరిచాక ఏం జరిగింది? గుర్తు తెచ్చుకుందామని మొహం తడుముకుంటే ఎడమ చెంప తడిగా తగిలింది. వేలు నాలిక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది.

దాంతో ఇక ఆగలేదు. సత్యారావు పోయిన తరవాత మొదటిసారి, అతను పడుకున్న అరుగు మీదే, అతని కూతురు ఏడ్చింది. వెక్కి వెక్కి, పదేళ్ళ పిల్ల ఏడ్చినట్టే ఏడ్చింది.

"దుర్గా!" లోపల దేవుడి గూటి దగ్గర నుంచి అచ్చియ్యమ్మ పిలిచింది. గొంతు నిండా సంతోషం. "నూని నిండుకుంది. సీసా తే అమ్మా!"

నూనె సీసా ఇంకా దుర్గ చేతిలోనే ఉంది.

"వస్తన్నానమ్మా," అంటూ లేచి గడప వైపు నడిచింది. గొంతు ఏడుపుతో పూడుకుపోయి ముక్కలుగా వచ్చింది.

ఇన్నేళ్ళలో కూతురి ఏడుపు గొంతు వినలేదు కదా ఆ తల్లి.

"నువ్వు కాదమ్మా," అంది అచ్చియ్యమ్మ, పరాయి పిల్లతో మాట్లాడేంత మర్యాదగా. "నువ్వు కూకో. పాపం, సేనా ఏడిసేవు. దుర్గాని రమ్మను."

దుర్గ గడప దగ్గర ఆగిపోయింది.

వెనక శర్వాణి లేచిన చప్పుడయింది. ఆమె మొహం మీద ఇప్పుడు కన్నీటి చార కూడా లేదు. పమిట చెంగు నడుముకి దోపుకుని, దుర్గ నడిచినట్టే నడిచి వచ్చి, సీసా పట్టుకుంది.

"ఇలా ఇయ్యప్పా," అంది. "అమ్మ పిలస్తంది."

దుర్గ సీసా వదల్లేదు. శర్వాణి కూడా వదల్లేదు.